పొగకు దారి ఎటు?



మెదక్ జిల్లాలో ఎల్దుర్తి అనే ఊరుంది. చలికాలంలో తెల్లవారేవేళ ఆ ఊళ్ళో అయినా సరే, మీ ఊళ్ళో అయినా సరే, మిద్దె ఎక్కి చుట్టూ చూడండి. కట్టెలపొయ్యిలనుంచి లేచిన పొగ ఒక్కోనాడు ఆకాశంలోకి పోక, ఇళ్ళమీదనే దుప్పటిలా పరచుకుని ఉంటుంది. ఎందుకో తెలుసా? రాత్రి నేల చల్లబడి, తనను అంటుకున్న గాలినికూడా చల్లబరుస్తుంది. చల్లని గాలి బరువు. దానిపైన వెచ్చని గాలి మూతలాగా నిలుస్తుంది. ఎండ ఎక్కేదాకా పొగకు పైకి దారి దొరకదు.

మరి ఆ పొగ ఏమవుతుంది? కొంత మన రొమ్ములోకే వచ్చి చేరుతుంది!

మీరు నిమిషానికి సుమారు 20 సార్లు ఊపిరి తీస్తారు. లెక్కకట్టండి, రోజుకు 28,800 సార్లు! ఆ గాలి ముక్కులోంచి శ్వాసనాళంలోకి పోతుంది. ఆ నాళం చెట్టుకొమ్మలలాగా చీలి, చీలి, చివరకు ద్రాక్షగుత్తులవంటి చిన్న చిన్న గాలితిత్తులలో అంతమవుతుంది. పెద్దవాళ్ళ ఊపిరితిత్తులలో ఇవి 30 కోట్లనుంచి 50 కోట్లదాకా ఉంటాయి. అన్నిటినీ విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్ల చోటు పడుతుంది. వాటి గోడలు ఎంతో పలుచన. ఆ గోడలగుండానే ప్రాణవాయువు నెత్తురులోకి వెళుతుంది, బొగ్గుపులుసు వాయువు బయటికి వస్తుంది.

ఇంత విలువైన ఇంటికి కాపలా ఉండవద్దా? ఉంది. ముక్కులోని వెంట్రుకలు పెద్ద దుమ్మును ఆపుతాయి. నాళాలలోని జిగురు చిన్న దుమ్మును పట్టుకుంటుంది. కంటికి కనిపించని సన్నని నూగు ఆ జిగురును గొంతువైపు నెడుతుంది. కాని పొగలోని రేణువులు మహా సూక్ష్మమైనవి. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే, అందులో రెండున్నర భాగాలకంటె చిన్నవి! అలాంటివి ఇరవైకి పైగా వరుసగా పేర్చినా మన తలవెంట్రుక మందం కావు. అవి కాపలాదారులను తప్పించుకుని గాలితిత్తులదాకా పోతాయి.

ఈ సంగతి పరీక్షించి చూసినవాళ్ళున్నారు. చెన్నైలోని శ్రీరామచంద్ర వైద్య కళాశాల పరిశోధకులు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని నిజామాబాదు, వరంగల్లు, రంగారెడ్డి జిల్లాల పల్లెలలో 420 ఇళ్ళ గాలిని కొలిచారు. ఆ ఫలితాలు 2004లో అచ్చయినాయి. గ్యాసుతో వండే ఇళ్ళలో ఘనపు మీటరు గాలికి సగటున 73 మైక్రోగ్రాముల సన్నదుమ్ము ఉంటే, కట్టెలు, పిడకలు వంటివి వాడే ఇళ్ళలో 732 దాకా ఉంది. అంటే పదింతలు! అన్నిటికంటె ఎక్కువ పొగ పీల్చేది వంటచేసే ఆడవాళ్ళే. మగవాళ్ళలో చూస్తే, ఇంటిపట్టున ఉండే ముసలివాళ్ళు ఎక్కువ పొగ పీలుస్తున్నారు. చూశారా! మీ అమ్మ వండుతుంటే అరుగుమీద కూర్చున్న తాతకూ వాటా తప్పలేదు.

పొయ్యిదగ్గర అమ్మ ఒళ్ళో ఉన్న చంటిపిల్లల సంగతి ఇంకా చెప్పనక్కరలేదు. వాళ్ళ ఊపిరితిత్తులు ఇంకా పెరుగుతూ ఉంటాయి. పొగ పీల్చే చిన్నపిల్లలకు న్యుమోనియా వచ్చే ప్రమాదం ఇంచుమించు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం ఎన్నో ఇళ్ళకు గ్యాసుపొయ్యి తెచ్చాయి. అయినా సిలిండరు అయిపోయినప్పుడు, నీళ్ళు కాగబెట్టవలసినప్పుడు కట్టెలపొయ్యి మళ్ళీ వెలుగుతూనే ఉంది. అందుచేత మీరు చేయగల పనులు కొన్ని చెబుతాను.

పొయ్యి వెలిగించేముందు తలుపులు, కిటికీలు తెరవండి. వీలుంటే పొయ్యిని ఆరుబయట పెట్టమనండి. కట్టెలను బాగా ఎండనివ్వండి, పచ్చికట్టె ఎక్కువ పొగ పెడుతుంది. వంట అయ్యేదాకా చెల్లినో తమ్ముణ్ణో మీరు ఎత్తుకుని బయట ఆడించండి. చెత్తలో ప్లాస్టిక్కు కాల్చవద్దు. వరికోత అయినాక గడ్డిని పొలంలో తగలబెట్టే బదులు పశువులకు వేయవచ్చు, ఎరువుగానూ మాగబెట్టవచ్చు. చలికి నిప్పుల కుంపటిని మూసిన గదిలో మాత్రం ఎన్నడూ పెట్టుకోకూడదు. దానినుంచి రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు పుడుతుంది. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇక ఒక చిన్న పరీక్ష. మూడు తెల్ల అట్టముక్కలకు పలచగా ఆముదం పూయండి. ఒకటి వంటింట్లో మంటకు దూరంగా, ఒకటి బాటపక్కన, ఒకటి చెట్టుకింద వేలాడదీయండి. రెండురోజుల తరవాత భూతద్దంతో చూడండి. ఏది ఎక్కువ నల్లబడిందో ఇంట్లో అందరికీ చూపించండి. అయితే ఒక్కమాట: మీకు కనబడేది పెద్ద దుమ్మే. అన్నిటికంటె చెడ్డది కంటికి కనబడదు.