మూడు లిపుల పెళ్ళికూతురు

బెంగుళూరులో అమెరికా కాన్సులేటు 2025 జనవరి 17న ప్రారంభమైన నాటి నుండి కోలారు, చిక్కబళ్ళాపురం, క్రిష్ణగిరి జిల్లాల తెలుగు కుటుంబాలవారు నన్ను తరచుగా ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "అల్లుడు అమెరికా పౌరుడు. ఉద్యోగరీత్యా ఇప్పుడు బెంగుళూరులోనే ఉన్నాడు. అమ్మాయి కోసం వలస అర్జీ ఈ కాన్సులేటులోనే ఇచ్చివేయరాదా?" అని. ఇవ్వరాదన్నదే సూటి సమాధానం. ప్రారంభోత్సవం నాటికి ఆ కార్యాలయంలో వీసా సేవలే లేవు. అది అటుంచి, జీవిత భాగస్వామి కోసం పౌరుడు వేసే ఐ-130 అర్జీని విదేశాలలోని కాన్సులేట్లు మామూలుగా తీసుకొనే పద్ధతికి 2011 ఆగస్టు 15తోనే తెరపడింది. ఢిల్లీలోని అమెరికా వలససేవల కార్యాలయం మాత్రం భారతదేశంలో నివసించే పౌరుల అర్జీలను మరికొన్నేళ్ళు స్వీకరించింది. 2020 ఫిబ్రవరి నుండి ఆ దారి కూడా మూతబడింది. ఉన్నట్టుండి ఉద్యోగం బదిలీ కావడం, ప్రాణాపాయం, అత్యవసర వైద్యం వంటి అసాధారణ పరిస్థితులను రుజువు చేసుకొన్నవారికి మాత్రమే కాన్సులేటు తలుపు కొద్దిగా తెరుచుకొంటుంది. తక్కినవారు అర్జీని ఆన్‌లైనులోనో, తపాలా ద్వారానో అమెరికాకే పంపవలెను. 2024 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన రుసుము ప్రకారం ఆన్‌లైనులో అయితే 625 డాలర్లు, కాగితం మీద అయితే 675. అర్జీ మంజూరైన పిమ్మట కాగితాలు న్యూహాంప్‌షైర్‌లోని జాతీయ వీసా కేంద్రానికి పోతాయి. ఇంటర్వ్యూ ముంబయిలో. పోషణ పూచీపత్రంపై సంతకం చేసే భర్త తన స్థిరనివాసం అమెరికాయేననో, భార్యతో పాటు అక్కడికి తిరిగిపోనున్నాననో చూపవలసి ఉంటుంది. బెంగుళూరులో స్థిరపడిన అల్లుళ్ళు తరచుగా తడబడేది ఇక్కడనే.

ఇంతవరకు ఏ ఏజెంటైనా చెప్పగలడు. ఏ ఏజెంటుకూ పట్టనిది మన కాగితాల సంగతి.

సరిహద్దు తెలుగు ఆడపిల్ల జీవితాన్ని ఒకసారి కాగితాలలో చూడండి. తల్లి కాన్పుకు పుట్టింటికి పోతుంది. ఆ పుట్టిల్లు కుప్పమో, పలమనేరో, మదనపల్లెయో అయితే జననం ఆంధ్రప్రదేశ్‌లో నమోదవుతుంది. ఎందుకనగా 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం జననం ఎక్కడ జరిగితే అక్కడనే నమోదు చేయవలెను. తండ్రి ఊరు ఏదైనా సరే. ఆ పిల్ల చదువు తండ్రి ఊరైన డెంకణికోటలో, అనగా తమిళంలో. పెళ్ళి వరుని ఊరైన ముళబాగిలులో, అనగా కన్నడంలో. మన ఇండ్లలో ఇది సర్వసాధారణం. సంబంధాలు రాష్ట్రాల పొలిమేరలను ఎన్నడూ లెక్కచేయలేదు. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు, 1956లో రాష్ట్రాలు పునర్వ్యవస్థీకరింపబడినప్పుడు గీతలు మారినవి గానీ మేనమామల ఇండ్లు మారలేదు గదా! ఒకే మనిషికి సంబంధించిన మూడు ముఖ్యమైన ఆధారాలు మూడు రాష్ట్రాలలో, మూడు లిపులలో ఉండిపోతున్నాయి. వాటిలో పేరు ఒకటిగా ఉంటుందని ఆశించడం అత్యాశ.

ఒక పేరును కల్పించుకొని చూద్దాము. పిల్ల పేరు భాగ్యమ్మ, తండ్రి వెంకటయ్య, ఇంటిపేరు మేకల. ఆంధ్రలో ఇంటిపేరు ముందు, పేరు వెనుక; కనుక మేకల భాగ్యమ్మ. తమిళనాట ఇంటిపేరుకు చోటు లేదు. తండ్రి పేరులోని తొలి అక్షరమే ముందు నిలుస్తుంది. పైగా తమిళ లిపిలో ప, బ, భలకు ఒకే అక్షరం. భాగ్యమ్మ కాస్తా పాక్కియమ్మాళ్ అవుతుంది. ఆ పాక్కియమ్మాళ్‌ను గుమాస్తా ఆంగ్లంలోకి మార్చేటప్పుడు ఆయన చెవికి 'బ' తెలిసి ఉంటే ఒక తీరు, తెలియకుంటే మరొక తీరు. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు కనుక అక్షరం చెడదు. కానీ అక్కడ తండ్రి పేరులోని అక్షరం వెనుకకు పోతుంది. వెంకటయ్య వెంకటప్ప అవుతాడు. ఇక సరితలోని తకారానికి ఒక చోట 'టి', మరొక చోట 'టిహెచ్'. ఊరిలో వీటిని ఎవరూ తప్పుపట్టరు. ముంబయిలో గాజుపలక వెనుక కూర్చున్న అధికారికి మాత్రం ఇక్కడ ఇద్దరు కూతుళ్ళు, ఇద్దరు తండ్రులు కనిపిస్తారు. అతనికి మన వరుస తెలియదు. తెలియనవసరమూ లేదు, అతని పని అనుమానించడం.

ఇంటిపేరు లేని పాస్‌పోర్టు మరొక చిక్కు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిని ఖాళీగా వదిలివేస్తే అమెరికా వీసాలో ఆ ఒక్క పేరే ఇంటిపేరుగా మారుతుంది; మొదటి పేరు స్థానంలో 'పేరు తెలియదు' అని అర్థమిచ్చే మూడక్షరాలు, ఎఫ్.ఎన్.యు. వచ్చి కూర్చుంటాయి. తల్లిదండ్రులు ముచ్చటపడి పెట్టుకొన్న పేరున్న ఆడపిల్ల, పరాయిదేశంలో దిగిన తొలిరోజుననే పేరు తెలియనిదవుతున్నది. ఇది అమెరికా ఒక్కదాని సంగతి కాదు. 2022 నవంబరులో సంయుక్త అరబ్ ఎమిరేట్స్ ఒంటిపేరు పాస్‌పోర్టులతో సందర్శక వీసాపై వచ్చేవారిని అనుమతించబోమన్నప్పుడు తమిళనాడు, కర్ణాటకల తెలుగువారు ఎందరో చిక్కులలో పడినారు. ఇంటిపేరును తరతరాలుగా కాపాడుకొన్న జాతికి ఇంటిపేరు లేదని కాగితం చెప్పడం కన్నా విడ్డూరమేమున్నది?

ఈ కాగితాలన్నింటిలో ఆ పిల్ల పూర్తి పేరును ఇంటిపేరుతో సహా, ఆమె సొంత భాషలో చెప్పేది తరచుగా ఒక్కటే: శుభలేఖ. చి.ల.సౌ. అని మొదలుపెట్టి ఫలానావారి ద్వితీయ పుత్రిక అని తాతల పేర్లతో సహా అచ్చువేయిస్తాము. వివాహం నిజమైనదని చూపడానికి దానిని అర్జీతో తప్పక జతపరచండి. ఆంగ్లంలో లేని ప్రతి పత్రానికీ పూర్తి ఆంగ్లానువాదం, అది సమగ్రమనీ సరియైనదనీ, తనకు ఆ రెండు భాషలూ వచ్చుననీ అనువాదకుడు చేసే ధ్రువీకరణ ఉండవలెనని అమెరికా నియమం. అనువాదకుడు ప్రభుత్వం గుర్తించినవాడే కావలెనన్న షరతు అందులో లేదు. మీ ఊరి తెలుగు మాస్టారు, ఆంగ్లం బాగుగా వస్తే, చేయవచ్చును. అర్జీదారు దంపతులు తామే చేయకుండుట మంచిది. ఒక్కొక్క పుటకు వేల రూపాయలు గుంజే దళారులకు ఈ ఒక్క వాక్యం చదివి వినిపించండి.

ఇప్పుడు కొంచెం ఇబ్బందికరమైన విషయం. మన కుటుంబాలలో మేనరికం ఉన్నది. అక్క కూతురిని చేసుకోవడమూ ఉన్నది. హిందూ వివాహచట్టం (1955) మేనమామ మేనకోడళ్ళను, అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ, అన్నాచెల్లెళ్ళ సంతానాన్ని నిషిద్ధ సంబంధాలలో చేర్చినప్పటికీ, ఇరుపక్షాలకూ వర్తించే ఆచారం అనుమతిస్తే ఆ వివాహం చెల్లునని 5వ సెక్షనులోనే చెప్పింది. అమెరికా వలసచట్టం ముందుగా చూసేది వివాహం జరిగిన చోట అది చెల్లుతుందా అన్నది. ఆపైన దంపతులు కాపురముండబోయే రాష్ట్రం దానిని తన ప్రజానీతికి తీవ్రంగా విరుద్ధమని భావిస్తుందా అన్నది. మేనత్త మేనమామ బిడ్డల పెళ్ళిని కాలిఫోర్నియా, న్యూయార్కు అనుమతిస్తాయి. టెక్సాస్ తన గడ్డపై దానిని అనుమతించదు. 2014 అక్టోబరులో న్యూయార్కు అత్యున్నత న్యాయస్థానం, నుయెన్ వర్సెస్ హోల్డర్ కేసులో, సవతి వరుస మేనమామ, మేనకోడళ్ళ వివాహం ఆ రాష్ట్ర చట్టానికి విరుద్ధం కాదని చెప్పింది. ఆ దంపతులు వియత్నాంవారు. సొంత అక్క కూతురి విషయంలో ఆ తీర్పు మనకు నేరుగా అక్కరకు రాదు. కనుక కాపురం ఏ రాష్ట్రంలో అన్నది అర్జీకి ముందే ఆలోచించుకొనవలసిన సంగతి.

ఇక్కడనే దళారి ప్రవేశిస్తాడు. "రికార్డులలో ఇంటిపేరే లేదు గదా, వరుస చెప్పకండి, ఎవరికి తెలుస్తుంది?" అంటాడు. ఈ సలహా విన్నవారి కాగితాలు నా బల్లమీదకు వచ్చినవి. ముఖ్యమైన వాస్తవాన్ని దాచి వీసా కోరినట్లు తేలితే ఆ మనిషికి అమెరికా ప్రవేశం జీవితాంతం నిషిద్ధం కావచ్చును. దానినుండి మినహాయింపు దొరకడం కష్టం. వరుసను దాచవద్దు. మనది తప్పుడు పని కాదు. మన చట్టమే ఒప్పుకొన్న ఆచారం. పెద్దల ప్రమాణపత్రాలతో, కులంలోని ఇతర ఉదాహరణలతో ఆచారాన్ని రుజువు చేయండి.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి మరొక కారణం కలదు. కాన్సులేటు అధికారి వీసా నిరాకరిస్తే న్యాయస్థానాలకు పోయి గెలవడం దాదాపు అసాధ్యం. 2024 జూన్ 21న అమెరికా సుప్రీంకోర్టు మునోజ్ కేసులో, విదేశీయుడైన తన భర్తను దేశంలోకి రానివ్వవలెనని కోరే ప్రాథమిక హక్కు ఆ దేశ పౌరురాలికి సైతం లేదని తీర్పిచ్చింది. పై కోర్టు ఉన్నదిలే అనే మన అలవాటు అక్కడ పనికిరాదు. మొదటి కాగితమే గట్టిగా ఉండవలెను.

మొదటి కాగితం మన ప్రభుత్వాలది. నా అసలు ఫిర్యాదు వాటి మీదనే. 2011 జనగణన ప్రకారం కర్ణాటకలో సుమారు 35 లక్షలమంది, తమిళనాట సుమారు 42 లక్షలమంది తెలుగు మాతృభాషగలవారు ఉన్నారు. ఒక ప్రాంత జనాభాలో 15 శాతం లేక అంతకు మించి మాట్లాడే భాషలో ముఖ్యమైన ప్రభుత్వ నియమాలను, ప్రకటనలను వెలువరించవలెనన్నది భాషా అల్పసంఖ్యాకులకు అంగీకరించిన రక్షణలలో ఒకటి. బాగేపల్లి, శ్రీనివాసపురం, హొసూరు ప్రాంతాలలో ఎవరి సంఖ్య ఎంతో చెప్పడానికి వేరే లెక్క అక్కరలేదు. సంతకు పోయి చెవియొగ్గితే చాలును. అయినను జనన నమోదు కార్యాలయంలో తెలుగు ఫారము అడిగితే మనల్ని వింతగా చూస్తారు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం కేంద్రంలోగానీ రాష్ట్రంలోగానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా తన కష్టాన్ని విన్నవించుకొనే హక్కు ప్రతి వ్యక్తికీ ఉన్నది. దానిని వాడేవారు లేకపోవడం వలననే అది అచ్చుపుటలో ఉండిపోయింది.

మనం అడుగుతున్నది కొండంత కోరిక కాదు. జనన, వివాహ నమోదులలో కన్నడం ఉండనీయండి, తమిళం ఉండనీయండి, ఆంగ్లం ఉండనీయండి. వాటి పక్కన ఇంటిపేరుకు ప్రత్యేకమైన గడి, కోరినవారికి వారి మాతృభాషలో పేరు వ్రాసే వరుస ఇవ్వండి. ఆంగ్లాక్షరాలు గుమాస్తా చెవిని బట్టి గాక తల్లిదండ్రులు వ్రాసి ఇచ్చినట్లే ఎక్కించండి. "ఇది కన్నడ నాడు, ఇక్కడ తెలుగు ఎందుకు?" అని అడిగే మిత్రులున్నారు. వారితో నాకు తగవు లేదు. ముంబయిలో కన్నడ కుటుంబాలవారి పేర్లు మరాఠీ రికార్డులలో చెడితే వారూ ఇదే అడుగుతారు; అడగవలెను కూడా. ఇక మన ఉద్యమంలోనే కొందరు, అమెరికాకు పోయే కలవారి బాధ మనకెందుకని చులకన చేస్తున్నారు. వారితో మాత్రం తగవు ఉన్నది. వీసా దగ్గర బయటపడిన ఈ లోపమే రేపు పింఛను దగ్గర, వారసత్వ ధ్రువపత్రం దగ్గర, భూమి ఖాతా మార్పు దగ్గర బీదవానికి అడ్డుపడుతుంది. కలవాడు వకీలును పెట్టుకొంటాడు, బీదవాడు తిరుగుతాడు.

ఇక ఈ యేడు ముహూర్తాలు పెట్టుకొన్న ఇండ్లవారికి కొన్ని మాటలు. జనన ధ్రువపత్రాన్ని ఇప్పుడే బయటికి తీయండి. పేరు పెట్టకముందే నమోదైన పిల్లల విషయంలో పేరు గడి ఖాళీగా ఉండడం కద్దు. 1969 చట్టంలోని 14వ సెక్షను క్రింద దానిని నింపించుకొనవచ్చును, కాలపరిమితి చూసుకోండి. తప్పులుంటే 15వ సెక్షను క్రింద దిద్దుబాటుకు, జననం నమోదైన చోటనే, అర్జీ పెట్టండి. హొసూరులో చదివిన పిల్ల అయినా కుప్పానికే పోవలెను. నోటరీ ముందు "ఈ ఇద్దరూ ఒక్కరే" అని వ్రాయించే ప్రమాణపత్రం ఊతకర్ర మాత్రమే. అసలు పత్రాన్ని దిద్దించుకొన్నవారికి దాని అవసరమే తక్కువ. ఆ దిద్దిన పేరుతో పాస్‌పోర్టు తీసుకొని, ఇంటిపేరు గడి నింపి, అటుపిమ్మట అదే పేరుతో వివాహం నమోదు చేయించండి. తమిళనాట పెళ్ళి అయితే 2009 చట్టం ప్రకారం 90 రోజుల గడువు ఉన్నదని మరువవద్దు. ఈ వరుస తారుమారైతే, అనగా ముందు వివాహ ధ్రువపత్రం, తరువాత పేరు దిద్దుబాటు అయితే, దిద్దవలసిన కాగితాలు ఒకటికి మూడవుతాయి.

ఇంటర్వ్యూలో బాగా వచ్చిన భాషలోనే మాట్లాడుతానని అమ్మాయి ధైర్యంగా అడుగవలెను. రాని ఆంగ్లంలో పెళ్ళిచూపుల ముచ్చట చెప్పబోయి తేదీలు తడబడినవారిని చూచితిని. దిద్దుబాటు అర్జీలను తెలుగులోనే వ్రాసి, 350వ అధికరణాన్ని ఉటంకించి, రసీదు అడిగి తీసుకొనండి. తిరస్కరిస్తే ఆ తిరస్కారాన్ని వ్రాతపూర్వకంగా కోరండి. అట్టి కాగితాలు నాలుగు చేతికి వస్తే భాషా అల్పసంఖ్యాకుల కమిషనరు ముందుకు పోవడానికి మనకు ఆధారం దొరికినట్లే. ఇంతవరకు నా వద్ద రెండే ఉన్నవి.