నీటి తీరువా: ఎకరమును బట్టియా, నీటిని బట్టియా?

కృష్ణా కాలువ నీటికి మనము చెల్లించు తీరువా ఎకరమును, పంటను బట్టి నిర్ణయమైనది. వాడిన నీటిని బట్టి కాదు. 1988 నీటి పన్ను చట్టమునకు 1990 దశకములో జరిగిన సవరణలో పెద్ద ప్రాజెక్టుల క్రింద మొదటి వరికి ఎకరమునకు రూ. 200, రెండవ వరికి రూ. 150, చేపల చెరువుకు ఏటికి రూ. 500 నిర్ణయించిరి. హెచ్చు నీటికి హెచ్చు తీరువా అను న్యాయము చెరువుల విషయమున కొంత కలదు. వరి రైతుల మధ్య అది లేదు. చేనిని తడిపి, ఆరగట్టి, మరల తడుపు రైతును, పంటకాలమంతయు నిండుగా నిలిపి మురుగు కాలువకు వదలు రైతును ఒకే మొత్తము చెల్లింతురు.

ఎకరములో ఒక అంగుళము నీరనగా లక్ష లీటర్లకు పైమాట. పెదపారుపూడి వంటి గ్రామములలో ఎగువ రైతు వృథాచేసిన అంగుళము శివారు రైతు నారుమడికి అందవలసిన నీరు.

చేనుచేనుకు మీటరు పెట్టుట సాధ్యము కాదు. పంట బోదె తూమువద్ద కొలత పెట్టిన చాలును. నిర్వహణకై రుసుము వసూలు చేయుటకు 1997 చట్టము నీటి వినియోగదారుల సంఘములకు వీలిచ్చినది. కనుక బోదెకు ఇంత నీరని వాటా నిర్ణయించి, మించిన నీటికి అదనపు రుసుము వేయవలెను. చౌడు పొలములలో ఉప్పు కడుగుటకు నీరు ఎక్కువ కావలెను గనుక వాటి వాటా ముందే పెంచవలెను. వచ్చిన సొమ్ము ఆ బోదె పూడికతీతకే వినియోగింపవలెను.

కాలువలు వదలుటకు ముందే ఈ విషయమును సంఘ సమావేశములలో చర్చింపవలెనని రైతు సోదరులను కోరుచున్నాను.