మన ఆరోగ్యం: తప్పు కారానిదా, క్రిమిదా?

భోజనం కాగానే కడుపులో మంట, పుల్లటి త్రేనుపులు. "అంతా ఆవకాయ మహిమ" అని నవ్వుకొని ఊరుకుంటాం. మన సంఘం విందుల్లో తరచు వినే ఈ మాటను ఈ నెల కాస్త పరిశీలిద్దాం.

1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో వారెన్, మార్షల్ అనే వైద్యులు కడుపు లోపలి పొరలో కాపురముండే ఒక క్రిమిని కనుగొన్నారు. దాని పేరు హెలికోబాక్టర్ పైలోరి. అంత ఆమ్లంలో ఏ క్రిమీ బతకదని అందరూ నమ్మిన రోజులవి. 1984లో మార్షల్ ఆ క్రిములను తానే తాగి, జబ్బుపడి చూపించారు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. కడుపులో పుండ్లకు ముఖ్య కారణం ఈ క్రిమే. నొప్పి మాత్రలు అతిగా మింగడం మరొకటి. కారం పుండును మండిస్తుందేమోగాని పుట్టించదు.

2015 నాటి అంచనా ప్రకారం ప్రపంచంలో సుమారు 440 కోట్ల మందిలో ఇది ఉంది. స్విట్జర్లాండులో నూటికి 19 మందికి, భారతదేశంలో 63 మందికి, నైజీరియాలో 88 మందికి. అంత దూరమెందుకు, మనముంటున్న మలేషియానే చూడండి. ఒకే ఎండ, ఒకే వాన. అయినా మలయ్‌ వారిలో తక్కువ, చైనీయుల్లో ఎక్కువ, మన భారతీయుల్లో ఇంకా ఎక్కువ. కారమే కారణమైతే సంబల్ లేనిదే ముద్ద దిగని మలయ్ సోదరులకే ముందు రావాలి గదా!

మరి ఈ తేడా ఎందుకు? ఇది చాలావరకు చిన్నతనంలోనే, ఇంట్లోవారి నుంచే అంటుతుంది. ఇరుకు ఇళ్ళు, శుభ్రమైన నీరు, మరుగుదొడ్డి లేకపోవడం దానికి అనుకూలం. ఒకసారి చేరితే, మందు పడకుంటే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. కనుక నేటి మంచి ఇల్లు కాదు, పుట్టి పెరిగిన ఇల్లే లెక్క. ఇందులో ఏ జాతికీ చిన్నతనం లేదు.

చాలామందికి ఏ బాధా ఉండదు. కొందరికి పుండ్లు, అతి కొద్దిమందికి కడుపు క్యాన్సర్ రావచ్చు. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దీన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. ఈ దేశంలో కడుపు క్యాన్సర్ మనకంటే చైనీయుల్లోనే ఎక్కువ. అలాగని మనం నిశ్చింతగా ఉండరాదు.

ఏళ్ళ తరబడి మంట మాత్రలతో నెట్టుకొస్తున్న పెద్దలు డాక్టరును అడిగి శ్వాస పరీక్షో, మల పరీక్షో చేయించుకోవాలని మనవి. ఆ మాత్రలు పరీక్షకు రెండు వారాల ముందు ఆపాలి, అదీ డాక్టరు చెబితేనే. క్రిమి ఉందని తేలితే మందులు సాధారణంగా 14 రోజులు. నాలుగో రోజున హాయిగా ఉందని మానేస్తే క్రిమి మొండికేస్తుంది. నల్లటి విరేచనం, రక్తపు వాంతి, కారణం లేకుండా బరువు తగ్గడం కనబడితే ఒక్క రోజు కూడా ఆగవద్దు.

ముద్ద నమిలి పసిబిడ్డ నోట పెట్టే అలవాటు ముద్దుగానే ఉంటుంది గాని, మానుకుందాం. మనవలకు మన భాష అందిద్దాం, క్రిమిని మాత్రం మనతోనే ఆపేద్దాం.