బాడుగ ఇంటి నీళ్ల లెక్క కాగితం మీదికి రావాలి!

విడవలూరులో బాడుగకుంటున్న అక్కలకు, అన్నలకు, ఇళ్ల ఓనర్లకు మనవి!

ఇల్లు చూసుకునేటప్పుడు బాడుగెంత, అడ్వాన్సెంత అని అడుగుతాం. నీళ్ల డబ్బులు ఎవరు కట్టాలో అడగం. తగవు అక్కడే పుడుతుంది. ఒక నెల మోటారు కరెంటంటారు, ఒక నెల కుళాయి పన్నంటారు, ఇంకో నెల మోటారు కాలిందంటారు. అంతా నోటిమాటే. ఇవ్వలేమంటే మిద్దె మీద వాల్వు కట్టేసే ఓనర్లూ ఉన్నారు. పసిబిడ్డలున్న ఇంటికి నీళ్లు ఆపడం వసూలు చేసే పద్ధతి కాదు. అది దౌర్జన్యం.

లెక్కేసి చూడండి. ఒక హార్స్‌పవర్ మోటారు గంటసేపు ఆడితే కాలేది దాదాపు ఒక యూనిట్. రోజూ గంట వేసినా నెలకు 30 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలనుకున్నా 180 రూపాయలు. మూడు పోర్షన్లుంటే ఒక్కో ఇంటికి 60. ఓనరు కష్టమూ చెప్పాలి. మోటారు ఆయన ఇంటి మీటరుకే ఉంటే యూనిట్లు పెరిగి శ్లాబు మారుతుంది. 2022 ఏప్రిల్ రేట్లలో మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలైతే, 400 దాటాక 9.75. అందుకే మోటారుకు సబ్‌మీటరు పెట్టిస్తే ఇద్దరికీ అనుమానం ఉండదు.

సముద్రం దగ్గరి ఊళ్లు మనవి. బోరు నీళ్లు ఉప్పగా ఉన్నచోట తాగేందుకు క్యాన్ నీళ్లు కొనక తప్పదు. ఆ ఖర్చు బాడుగకున్నవాళ్లే పెట్టుకుంటున్నారు. దాని మీద లెక్కాపత్రం లేని నీళ్ల డబ్బులు కూడా పడితే, కూలికి పోయే ఇల్లు, రొయ్యల గుంటల కాడ పనిచేసే ఇల్లు తట్టుకోలేదు.

చట్టం ఏమంటుందో తెలుసుకోండి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, ఓనరు చేయించాల్సిన రిపేరును మనం నోటీసిచ్చినా తగిన గడువులో చేయించకపోతే, మనమే చేయించి ఆ ఖర్చు బాడుగలో పట్టుకోవచ్చు. అయితే ఒప్పందంలో వేరే రకంగా రాసుకుంటే ఆ రాతే చెల్లుతుంది. అందుకే ఏం రాసుకుంటున్నామో చదివి సంతకం పెట్టాలి. కరెంటు కనీస సౌకర్యమనీ, ఓనరు ఒప్పుకోలేదన్న సాకుతో బాడుగదారుకు ఇవ్వకుండా ఉండకూడదనీ 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 2021లో కేంద్ర కేబినెట్ ఆమోదించిన నమూనా అద్దె చట్టం నీళ్లు, కరెంటు రెండూ ఆపకూడదంటోంది. రాష్ట్రాలకు అది నమూనాయే అయినా, న్యాయం ఎటుందో అందులో స్పష్టంగా ఉంది.

అక్కలారా, అన్నలారా! వచ్చే నెల బాడుగ ఇచ్చేలోపల ఓనరుతో కూర్చోండి. పంచాయతీ కుళాయి పన్ను ఎవరిది, మోటారు కరెంటు ఎట్లా పంచుకోవాలి, మోటారు కాలితే ఎవరు బాగుచేయించాలి, నీళ్లు ఏ వేళకు వదలాలి, ఇవన్నీ రాసుకోండి. పదకొండు నెలల అగ్రిమెంటు ఉన్నవాళ్లు దానికే ఇంకో కాగితం జతచేసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. డబ్బులిచ్చిన ప్రతిసారీ రసీదు అడగండి. ఇల్లు ఖాళీ చేసే రోజు మీటరు రీడింగ్ ఇద్దరూ చూసి లెక్క తేల్చుకోండి. కారే కుళాయిని వదిలేయడం, నీళ్ల బాకీ ఎగ్గొట్టి ఇల్లు మారడం మన వైపు తప్పులు. అవి మానుకుందాం.

ఓనర్లారా! బిల్లు చూపించి అడగండి, కడతాం. ఎంత తగవున్నా నీళ్లు మాత్రం ఆపకండి.

ఇట్లు,
విడవలూరు బాడుగ ఇళ్లవాళ్లు