కొత్త బడి, కొత్త బస్సు, కొత్త దేశం



ఏప్రిల్ వచ్చిందంటే కువైట్‌లోని మన భారతీయ పాఠశాలల్లో కొత్త తరగతులు మొదలవుతాయి. కొత్త పుస్తకాలతో పాటు ప్రతి తరగతిలోనూ ఒకటో రెండో కొత్త ముఖాలు కనిపిస్తాయి. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలకు మామూలుగా తోచేవన్నీ వాళ్ళకు వింతే! ఈసారి మన శీర్షికలో అలాంటి ఒక విద్యార్థి కళ్ళతో మనం ఉంటున్న ఊరిని చూద్దాం.

అబ్బాసియాలో మేముండే బిల్డింగులోకి నిరుడు రాజంపేట వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. ఇంటాయన పదకొండేళ్ళుగా ఇక్కడే ఉన్నారు. భార్యాబిడ్డలకు అకామా దొరికింది మాత్రం అప్పుడే. అబ్బాయి ఏడో తరగతి. రెండేళ్ళకోసారి నెలరోజుల సెలవులో తప్ప నాన్నను చూడనివాడు. సాయంత్రం మా పిల్లలతో ఆడుకోవడానికి వచ్చేవాడు. వచ్చాడంటే ఇక ప్రశ్నల మీద ప్రశ్నలే!

మొదటి ప్రశ్న ఆదివారం గురించి. "ఆంటీ, ఈడ ఆదివారం కూడా బడికి పోవాల్నా?" పోవాలి నాయనా! ఇక్కడ సెలవు శుక్ర, శనివారాలు. 2007 సెప్టెంబర్‌కు ముందు గురు, శుక్రవారాలు ఉండేవి. పైగా గడియారం మన ఊరికంటే రెండున్నర గంటలు వెనక. పొద్దున ఆరుంబావుకు వీడు కళ్ళు నులుముకుంటూ బస్సెక్కే వేళకు అక్కడ స్నేహితులు ఎనిమిదీ ముప్పావుకు సైకిళ్ళ మీద బయలుదేరుతుంటారు. "వాళ్ళు నాకంటే ముందే ఇంటికి పోతారు" అని కొన్నాళ్ళు వాడికి కుళ్ళు!

తర్వాత డబ్బు లెక్క. రూపాయికి వంద పైసలు తెలిసినవాడికి దినారుకు వెయ్యి ఫిల్సులు అనేసరికి తల తిరిగింది. పావు దినారుకూ, అర దినారుకూ విడిగా నోట్లు ఉండడం చూసి బొమ్మ నోట్లనుకున్నాడట. వాడికి నేనొక సంగతి చెప్పాను, మీరూ వినండి. ఒకప్పుడు కువైట్ బజార్లలో చెల్లింది మన రూపాయే. 1959లో మన రిజర్వు బ్యాంకు గల్ఫ్ దేశాల కోసం ప్రత్యేకంగా రూపాయి నోట్లు అచ్చు వేసింది. 1961లో కువైట్ సొంత దినారు తెచ్చుకున్నప్పుడు 13 రూపాయల చిల్లరకు ఒక దినారు చొప్పున మార్చుకున్నారు. అది వినగానే వాడు ఇప్పటి రేటు గుర్తు చేసుకుని నోరు వెళ్ళబెట్టాడు!

ఆ రూపాయి ఊరికే రాలేదు. చమురు దొరకక ముందు ఇక్కడివాళ్ళకు బతుకుతెరువు ముత్యాల వేట, ఓడ వర్తకం. వాళ్ళ ఓడలకు టేకు మన మలబారు తీరం నుంచే వచ్చేది. సరుకుతో పాటు మాటలూ ఓడెక్కాయి. కువైటీలు నేరుగా వెళ్ళమనడానికి 'సీదా' అంటారు. పచ్చడికి 'అచ్చార్', బూట్లకు 'జూతీ', ఫ్యానుకు 'పంకా'. హిందీ పీరియడులో నేర్చుకున్నవి అరబ్బుల నోట వినిపిస్తే కొత్త పిల్లలకు ఎంత ధైర్యమో!

కానీ మావాడిని అన్నిటికంటే ఆలోచనలో పడేసింది నీళ్ళు. "ఏరే లేదంట గదా ఆంటీ, మరి ఇన్ని నీళ్ళు యాడ్నుంచి వస్తాయి?" చెయ్యేటి ఒడ్డున పెరిగినవాడి ప్రశ్న అది. ఎండాకాలం ఇసుక తప్ప ఏమీ కనిపించని ఆ ఏరే, 2021 నవంబర్‌లో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు ఊళ్ళను ముంచేయడమూ వాడికి తెలుసు. కువైట్‌లో ఒక్క నది కూడా లేదు. పూర్వం షట్ అల్ అరబ్ నది నుంచి ఓడల్లో మంచినీళ్ళు తెచ్చుకుని అమ్ముకునేవారు. 1953లో సముద్రపు నీటిని మరిగించి ఉప్పు వేరుచేసే పెద్ద కర్మాగారం మొదలైంది. ఇప్పుడు మన కుళాయిలో వచ్చేది దాదాపుగా అలా తయారైన నీరే. పుట్టగొడుగుల్లా నీలం, తెలుపు చారలతో నిలబడి ఉండేవి నీటి ట్యాంకులు. 1979లో ప్రజల కోసం తెరిచిన కువైట్ టవర్స్‌లో కూడా, 187 మీటర్ల పెద్ద టవర్ గోళంలో సగం నీటి తొట్టే!

అంత కష్టపడి తయారుచేసిన నీటిని ఇక్కడి వాళ్ళు దాచుకోరు. ఇళ్ళ గోడల బయట, మసీదుల దగ్గర దారిన పోయేవారి కోసం చల్లటి నీళ్ళ కూలర్లు పెడతారు. వాడు అది చూసి, "మన చలివేంద్రమే గదా! కాకపోతే కుండ బదులు కరెంటు" అన్నాడు. జూన్ వచ్చాక దాని విలువ ఇంకా బాగా తెలిసింది. 2016 జూలై 21న ఇక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. అందుకే జూన్ నుంచి ఆగస్టు చివరి దాకా పగలు 11 నుంచి 4 గంటల వరకు ఆరుబయట పని చేయించకూడదని నిబంధన ఉంది. వాళ్ళ నాన్న పని ఆరుబయటే కావడంతో ఆ మూడు నెలలు వాడు గోడ గడియారం వైపు చూస్తూనే ఉండేవాడు.

ఇంతవరకూ చెప్పింది వింతల గురించి. ఇక వాడు నన్ను అడిగిన ఒక ప్రశ్నకు మాత్రం నాకు వెంటనే జవాబు దొరకలేదు.

ఒక శుక్రవారం నాన్నతో కలిసి మాలియా వెళ్ళాడు. సెలవు దొరికిన మనవాళ్ళు కలుసుకునే చోటు అదని పెద్దలందరికీ తెలుసు. వీడి యాస విని ఒకామె ఆగిందట. "యా ఊరు నాయనా మీది?" అని అడిగి, రాజంపేట అనగానే, "మాది పుల్లంపేట. నా కొడుకూ ఏడే" అంటూ తల నిమిరిందట. ఒక ఇంట్లో వంటపని చేస్తుంది. కొడుకు అమ్మమ్మ దగ్గర ఉన్నాడు. అప్పటికప్పుడు వీడియో కాల్ చేసి ఇద్దరినీ మాట్లాడించింది. ఫోన్ ఇటు తిప్పగానే ఆ పిల్లవాడు అడిగిన మొదటి మాట, "మాయమ్మ సన్నబడిందా?" అని. వీడు ఆమెను ఒకసారి చూసి, "లేదు, బాగుంది" అన్నాడట.

ఇంటికొచ్చి నన్నడిగాడు: "ఆంటీ, నన్ను పిల్చుకోని వచ్చినారు గదా, వాడినెందుకు పిల్చుకోని రాలేదు?"

పిల్లలూ, మీలో చాలామందికి ఈ సంగతి తెలియకపోవచ్చు. ఇళ్ళలో పనిచేసేవారి ఖాదిం వీసా మీద కుటుంబాన్ని తెచ్చుకునే వీలు లేదు. కంపెనీల్లో చేసేవారికి జీతం షరతు ఉంటుంది. కొన్ని ఉద్యోగాలకు మినహాయింపులు ఉన్నా, ఆ షరతు 2019లో 500 దినార్లు, 2024 జనవరిలో 800 దినార్లు అయింది. అమ్మానాన్నలతో కలిసి రాత్రి ఒకే చోట అన్నం తినడం ఇక్కడ అందరికీ దొరికేది కాదు. వాడికి ఈ మాటే చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత నుంచి చాలా శుక్రవారాలు పుల్లంపేట స్నేహితుడితో ఫోన్లో మాట్లాడుతున్నాడు. లెక్కలు ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. ఆమె కూడా పక్కన కూర్చుని వింటుందట.

ఇక మన వంతు. ఈ ఏడాది మీ తరగతికి కొత్తవాళ్ళు వస్తే:

• మొదటి వారం బస్సులో మీ పక్క సీటు వాళ్ళకివ్వండి.
• వాళ్ళ యాసను వెక్కిరించవద్దు. కడప అయినా, కోనసీమ అయినా అది వాళ్ళ అమ్మ మాట.
• ఫిల్సుల లెక్క, 'షుక్రన్', 'సీదా' లాంటి నాలుగు మాటలు నేర్పండి.
• రంజాన్ నెలలో పగటిపూట బయట ఏమీ తినకూడదని, తాగకూడదని ముందే చెప్పండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. కొత్తగా వచ్చిన పిల్లలు మొదటి నెలలో మౌనంగా ఉంటే కంగారు పడకండి. మార్కుల గురించి అడిగే ముందు, ఈ రోజు బస్సులో ఎవరి పక్కన కూర్చున్నావని అడగండి.

చిన్నారులూ, కువైట్‌లో మీ మొదటి వారం ఎలా గడిచిందో అర పేజీలో తెలుగులో రాసి పంపండి. ఇక్కడే పుట్టినవాళ్ళు మీ అమ్మనో నాన్ననో అడిగి వాళ్ళ మొదటి వారం గురించి రాయండి. వచ్చే సంచికలో అవన్నీ కలిసి చదువుకుందాం. అంతవరకూ సెలవు!