తెనాలి ఆవిడ

హార్మోనియం మీద ఆలిండియా రేడియో పెట్టిన నిషేధం గురించి మన పాతతరం నాటక కళాకారులు ఇప్పటికీ బాధగా చెప్పుకుంటారు. 1940 మార్చిలో రేడియో ఆ పెట్టెని గుమ్మం బయట పెట్టింది. గమకం పలకదన్నారు, పరాయి దేశపు వాయిద్యమన్నారు. 1971 దాకా అది లోపలికి రాలేకపోయింది, వచ్చినా షరతుల మీదే. పద్యనాటకానికి ప్రాణమైన వాయిద్యానికి ముప్పయ్యేళ్ళ అవమానం! బాధ న్యాయమైనదే. నాక్కూడా హార్మోనియం అంటే ఇష్టమే.

కానీ అదే రేడియో ఇంకో నిషేధం కూడా పెట్టింది. 1946 తర్వాత, సమాచార ప్రసార శాఖ సర్దార్ పటేల్ చేతిలో ఉన్న రోజుల్లో, సొంత జీవితం 'మర్యాదగా' లేని వాళ్ళని మైకు ముందుకి రానివ్వకూడదని ఆదేశించారు. ఎవరి సొంత జీవితం? ఆ మాట ఎవరిని ఉద్దేశించిందో అందరికీ తెలుసు. పాటే బతుకుగా ఉన్న భోగం కులాల ఆడవాళ్ళనీ, తవాయఫ్‌లనీ. పక్కన కూర్చుని తబలా వాయించినాయన సొంత జీవితం ఎవరూ విచారించలేదు. హార్మోనియానికి జరిగిన అన్యాయం మన నాటక ప్రత్యేక సంచికల్లో కనబడినన్ని సార్లు ఈ అన్యాయం ఎక్కడన్నా కనబడిందా? నేను చదివినంతలో లేదు. చెక్కపెట్టె కోసం కన్నీళ్ళు పెట్టుకునే జ్ఞాపకం మనిషి దగ్గరకొచ్చేసరికి ఎందుకు ఎండిపోతుంది అన్నదే నా ప్రశ్న.

పాత రోజులు తలుచుకోవడం తప్పని నేననను. బాలసుబ్రహ్మణ్యం మద్రాసులో కుర్రాడిగా నడిపిన లైట్ మ్యూజిక్ బృందం, అందులో ఇళయరాజా, భాస్కర్, గంగై అమరన్ అన్నదమ్ములు వాయించిన సంగతి మనం ఎన్ని వేదికల మీద వినలేదు? ప్రతిసారీ సరదాగానే విన్నాం. ఆ బృందానికి చిన్న చిన్న నకళ్ళు మన తాలూకాల్లో ఎన్నో ఉండేవి. మా దర్శిలో ఉండేది, అద్దంకిలో, పొదిలిలో, వినుకొండలో ఉండేవి. పత్తి తీతలూ మిరపకోతలూ అయిపోయి చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లో తిరునాళ్ళు మొదలయ్యేవి. కోటప్పకొండ ప్రభల ముందు తెల్లవార్లూ స్టేజీలే. ఒకచోట హరిశ్చంద్ర కాటిసీను, ఇంకోచోట సినిమా పాటల ఆర్కెస్ట్రా.

మా ఊరి ఆర్కెస్ట్రాలో మా నాన్న హార్మోనియం వాయించేవాడు, తర్వాత కీబోర్డుకి మారాడు. ఆయన పోయాక కూడా ఆయన స్నేహితులు మా ఇంటికొస్తే అవే కబుర్లు. ఆహూజా యాంప్లిఫయర్ ఎన్ని వాట్లదో, అకార్డియన్‌లో ఏ మెట్టు పలికేది కాదో, వానలో తడిసిన డోలక్‌ని ఎవరింటి పొయ్యి దగ్గర కాచారో, ఎకో మిషన్‌లో టేపు తెగితే దేంతో అతికించారో అన్నీ నిన్న జరిగినట్టు చెప్తారు. గొట్టం మైకులు ఏ వేపచెట్టుకి కట్టారో కూడా గుర్తే. "మరి ఆడగొంతు ఎవరిది బాబాయ్? డ్యూయెట్లు ఎవరు పాడేవాళ్ళు?" అని ఒకసారి అడిగాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మొదట్లో మనవాడే ఆడగొంతు పెట్టి పాడేవాడమ్మాయ్. తర్వాత ఎవరో తెనాలి ఆవిడ వచ్చేది" అన్నారు.

అంతే. ఎనిమిదేళ్ళు వాళ్ళ పక్కన నిలబడి పాడిన మనిషి గురించి వాళ్ళ దగ్గరున్న మొత్తం సమాచారం అది. యాంప్లిఫయర్‌కి కంపెనీ పేరుంది, మనిషికి ఊరు పేరే మిగిలింది.

ఇది మతిమరుపు కాదు. మతిమరుపయితే అన్నీ మరిచిపోవాలి కదా! దీని వెనక పెద్ద చరిత్ర ఉంది. మన రంగస్థలం మీద చాలాకాలం ఆడవేషం మగవాడి సొత్తు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు సత్యభామ వేషానికి దేశమంతా చేతులెత్తి మొక్కింది, 1956లో పద్మశ్రీ ఇచ్చింది. ఆయన గొప్ప నటుడు, కాదనను. కానీ ఆడదాని నడక మగవాడు నడిస్తే కళ, ఆడదే నడిస్తే బరితెగింపు అనే కొలత కూడా ఆ చప్పట్లలో ఉంది. సురభి వాళ్ళొక్కళ్ళే వేరు. 1885 నుంచీ ఆ కుటుంబాల ఆడవాళ్ళే ఆడవేషాలు వేశారు. ఆ కుటుంబాల నుంచి వచ్చిన కమలాబాయే 1932లో మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతి వేసింది. ఇంటిల్లిపాదీ వేదిక మీద ఉన్నప్పుడు ఆడదాన్ని వేలెత్తి చూపే మగవాడు కూడా వేదిక మీదే ఉన్నాడు. మిగతా చోట్ల అలా కాదు. మగవాళ్ళు ఊళ్ళో వాళ్ళు, ఆడమనిషి బయటినుంచి వచ్చింది.

ఇక్కడ ఒక మాట నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అసలు గుట్టు ఇందులోనే ఉంది. మన పరిషత్తుల భాషలో 'ఔత్సాహిక' కళాకారుడు అనే మాట చాలా గౌరవమైనది. ఎవరా ఔత్సాహికులు? టీచర్లు, కరణాలు, సొసైటీ గుమాస్తాలు, నాలుగెకరాల రైతులు. నెల తిరిగేసరికి జీతమో, పంట ఇంటికొచ్చేసరికి డబ్బో ఉన్నవాళ్ళు. వాళ్ళు సరదా కోసం, కళ కోసం వాయించారు. ఆ రాత్రి పాట మీదే మర్నాటి బియ్యం ఆధారపడిన మనిషి ఆ స్టేజీ మీద ఒక్కతే. ఆమెకి డబ్బివ్వాలి. ఇవ్వాలి కాబట్టి ఆమె 'డబ్బు మనిషి'. "మేమంతా కళాభిమానంతో చేశాం, ఆవిడ బేరం చేసేది" అని ఒకాయన ఈమధ్య నాతోనే అన్నాడు. కూలి అడిగితే కళ తగ్గుతుందా? ఆ మాటకొస్తే, ఆయన బడికి వెళ్ళి పాఠం చెప్పి జీతం తీసుకున్నాడు. అప్పుడాయన చదువు మైలపడిందా? ఆడవాళ్ళ పని ఎప్పుడూ ఇంతే. ఊరికే చేస్తే అది పనే కాదు, డబ్బడిగితే చేసిన మనిషే మంచిది కాదు.

చదివింపుల సంగతి కూడా వీళ్ళు నవ్వుతూ చెప్తారు. పాట మధ్యలో ఎవరో మోతుబరి స్టేజీ ఎక్కి పాడుతున్నావిడ పైటకి పిన్నీసుతో నోటు గుచ్చడం, మైకులో "ఫలానా వారి చదివింపులు ఇరవై రూపాయలు" అని అరవడం, ఈలలు. వాళ్ళకది ఆ రాత్రి ఎంత 'రంజుగా' నడిచిందో చెప్పే గుర్తు. గుచ్చేవాడి చెయ్యి వణికితే పిన్నీసు ఎక్కడ దిగుతుందో, పల్లవి ఆపకుండా ఆ నొప్పి ఎలా మింగాలో వాళ్ళకి గుర్తుండదు, ఎందుకంటే అది వాళ్ళ ఒళ్ళు కాదు. ఆ నోట్లలో సగం కమిటీకి పోయేదని కూడా వాళ్ళు చెప్పరు.

సామాన్ల సంగతికొద్దాం. ఆ సామాన్లంటే నాకూ మోజుంది. చిన్నప్పుడు నాన్న లేనప్పుడు బెలో తెరిచి ఒక్క స్వరం పట్టుకుని దొరికిపోయాను. "ఆడపిల్ల పెట్టె ముట్టుకుంటే శృతి పోతుంది" అన్నారు. పోయిన శృతిని ఆడపిల్లే సరిచెయ్యొచ్చు కదా అని అడగడానికి అప్పట్లో నాకు తెలివి లేదు. అయితే ఆ యాంప్లిఫయర్ కొనడానికి డబ్బెక్కడిదో నాకు తెలుసు. మా అమ్మ నానుతాడు తాకట్టు మీద వచ్చింది. అది మళ్ళీ ఇంటికి రాలేదు. రిహార్సళ్ళు మా వసారాలో జరిగేవి. రాత్రి పదిన్నరకి ఎనిమిది మందికి టీ, పన్నెండింటికి ఉప్మా. పొగాకు బేరన్ల కాడ పనికెళ్ళొచ్చిన మా అమ్మ నిద్ర కాచుకుని పొయ్యి ముందు కూర్చునేది. నాన్న స్నేహితులు చెప్పే కథలో యాంప్లిఫయర్ 'మీ నాన్న తెచ్చింది'. ఉప్మా కథలోనే లేదు. ఇలా ఎన్ని ఊళ్ళల్లో ఎన్ని ఆర్కెస్ట్రాల వెనక ఎన్ని నానుతాళ్ళు కరిగాయో లెక్క తీస్తే, మన తెలుగు లలిత సంగీతానికి పెట్టుబడి పెట్టిందెవరో తేలుతుంది.

ఆడవాళ్ళు వాయిద్యం పట్టలేరన్న కబురు కూడా ఇక్కడితో ఆపేస్తే మంచిది. ఒంగోలు పక్కన కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా దగ్గర నాదస్వరం నేర్చిన కాలీషాబీ మహబూబ్, భర్త సుభానీతో సమానంగా కచేరీలు చేసింది. పద్మశ్రీ ఇద్దరికీ కలిపే వచ్చింది. మృదంగంలో నిడుమోలు సుమతికి 2021లో వచ్చింది. ఊపిరి చాలదు, చేతిలో బలం ఉండదు అన్నవాళ్ళు ఇప్పుడేమంటారో! ఒకటి మాత్రం గమనించాలి. వీళ్ళిద్దరూ సంగీతం వాయించే ఇళ్ళల్లో పుట్టారు. కాలీషాబీ తండ్రి నాదస్వరం, సుమతి తండ్రి మృదంగం. పెట్టె ముట్టుకోనిచ్చిన ఇల్లు దొరికితే ఏమవుతుందో వాళ్ళు చూపించారు. దొరకని వాళ్ళ లెక్క ఎవరి దగ్గరుంది?

నాటకం మీద మన ప్రభుత్వాల, సంఘాల సున్నితత్వం ఎటు మొగ్గుతుందో 2022 జనవరిలో చూశాం. కాళ్ళకూరి నారాయణరావు చింతామణి నాటకాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమని అవమానిస్తోందని ఒక సామాజికవర్గం చేసిన ఫిర్యాదు మీద నిషేధం వచ్చింది. దాన్ని సవాలు చేస్తూ కోర్టుకెళ్ళారు, భావప్రకటనా స్వేచ్ఛ గురించి వాదించారు. నేను నిషేధాలకి వ్యతిరేకిని. కానీ దాదాపు నూరేళ్ళుగా ఆ నాటకంలో చింతామణి, శ్రీహరి వేషాలు కట్టిన ఆడవాళ్ళని స్టేజీ దిగాక కూడా ఆ పాత్రల పేర్లతోనే పిలిచిన అవమానం మీద ఎవరన్నా ఏనాడైనా ఒక్క అర్జీ పెట్టారా? నిషేధంతో ఆ వేషాల మీద బతికే వాళ్ళకి పోయిన రాత్రుల కూలి గురించి, అటు నిషేధం కోరినవాళ్ళు గానీ ఇటు స్వేచ్ఛ కోరినవాళ్ళు గానీ ఎంత మాట్లాడారు?

"అన్నిట్లోనూ మీకు ఇదే కనిపిస్తుందా? ముసలివాళ్ళు కాస్త సరదాగా మాట్లాడుకుంటుంటే అందులో కూడా స్త్రీవాదమేనా?" అని అడిగేవాళ్ళకి ఒకటే చెప్తాను. జ్ఞాపకం సరదా విషయం కాదు. మనకు తెలియని మన చరిత్ర పుస్తకం కోసం స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 1980ల్లో తెలంగాణ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్ళని వెతుక్కుంటూ వెళ్ళి అడిగితే గదా ఆ పోరాటానికి రెండో సగం ఉందని తెలిసింది! ప్రజానాట్యమండలి పాటలంటే మగపేర్లే వినబడేచోట, కొండపల్లి కోటేశ్వరమ్మ తొంభై దాటాక నిర్జన వారధి రాస్తే గదా, ఆ వేదికల మీద పాడిన మనిషి ఆ తర్వాత ఎలా బతికిందో 2012లో మనం చదివాం! ఆమె రాయకపోయి ఉంటే? రాయలేని వాళ్ళ సంగతి?

మా నాన్న పెట్టెలో ఆర్కెస్ట్రా లెక్కల పుస్తకం దొరికింది. అందులో ఆమె పేరుంది. ప్రతి ప్రోగ్రాంకి ఎదురుగా పేరు, ఇచ్చిన డబ్బు, బస్సు చార్జీ. అభిమానం గుర్తుపెట్టుకోని పేరుని లెక్క గుర్తుపెట్టుకుంది, నూట పాతిక రూపాయలకి సంతకం కావాలి కాబట్టి. ఆ పేరు ఆమెనడక్కుండా ఇక్కడ రాయకూడదు, అడిగితే వద్దంది. ఆమెది తెనాలి కాదు. ఎప్పుడూ తెనాలిలో లేదట. నాటకాలకి ఆడవేషాలు తెనాలి నుంచి వచ్చేవి కాబట్టి, స్టేజీ ఎక్కిన ప్రతి ఆడదీ మా వాళ్ళకి తెనాలే అయింది. పల్నాటి వైపు ఒక పల్లెలో కూతురింట్లో ఉంటోంది. గొంతు పోయింది, మోకాళ్ళు పోయాయి. ఆర్కెస్ట్రా గురించి అడిగితే యాంప్లిఫయర్ వాట్లు చెప్పలేదు. తెల్లారు బస్సు కోసం సెంటర్లో ఒంటరిగా కూర్చోవాల్సి వచ్చేదని, ఎవరూ తోడుండేవాళ్ళు కాదని, టీకొట్టు ముసలామె మాత్రం బెంచీ వేసి "ఇక్కడ కూచో తల్లీ" అనేదని చెప్పింది. ఆ ముసలామె పేరు ఆమెకి గుర్తుంది.

వృద్ధ కళాకారుల పింఛనుకి అర్జీ పెడితే కళాకారిణి అని రుజువులు తెమ్మన్నారు. కరపత్రాలున్నాయా? మా ఇంట్లో ఉన్న రెండు కరపత్రాల్లో వాయించిన మగవాళ్ళందరి పేర్లూ, వాయిద్యాలూ, ఉద్యోగాలూ అచ్చయ్యాయి. చివర 'మరియు గాయని' అని ఉంది. ఫొటో ఉంది గానీ అందులో ఆమె మొహానికి మైకు అడ్డం. లెక్కల పుస్తకం చూపిస్తే అది ప్రైవేటు కాగితం, చెల్లదన్నారు. మాతోపాటు పాడిందని బృందం వాళ్ళు రాసిస్తే చూస్తామన్నారు.

ఉత్తరం నేనే రాసి తీసుకెళ్ళాను. ఒకాయన చదవకుండానే సంతకం పెట్టాడు. ఒకాయన చదివి, 'ప్రధాన గాయని' అన్నచోట 'ప్రధాన' కొట్టేసి పెట్టాడు. ఇంకొకాయన, ఈ వయసులో ఇంట్లో మా ఆవిడ ఏమన్నా అనుకుంటుందమ్మాయ్ అన్నాడు. ఆ మాట లోపల్నుంచి విన్న వాళ్ళావిడ బయటికొచ్చి, కాగితం ఇటివ్వమని, తను కూడా ఆ పాటలు విన్నానని, విన్నవాళ్ళ సంతకం చెల్లుతుందేమో కనుక్కోమని అడిగింది. ఆఫీసు సోమవారం తెరుస్తారు. కనుక్కోవాలి.