బోదె దూకినోడికి బోర్డు తెలీదు

2018 జులైలో ఫిన్లాండ్ దేశంలోని టాంపెరె అనే ఊళ్లో ఇరవై ఏళ్ల లోపు వారి ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. అస్సాంలో వరి పండించే ఇంటి నుంచి వెళ్లిన హిమా దాస్ 400 మీటర్ల పరుగులో బంగారు పతకం తెచ్చింది. అది అందరికీ గుర్తుంది. అదే పోటీల్లో మగపిల్లల లాంగ్ జంప్ ఏమైందో మన పేటల్లో ఎవరినడిగినా తెలీదంటారు. నాక్కూడా చాలాకాలం తెలీదు. తెలిశాక మాత్రం నిద్ర పట్టలేదు.

జపాన్ కుర్రాడు యూకి హషియోకా 8.03 మీటర్లు దూకి మొదటివాడయ్యాడు. అడుగుల్లో చెప్తే ఇరవై ఆరు పైన. మా పేటలో పాత కాలనీ ఇల్లు రెండు, మధ్యలో సందు కలిపితే అంత ఉంటుందేమో. మన దేశం నుంచి వెళ్లిన కేరళ కుర్రాడు మురళీ శ్రీశంకర్ ఆరో స్థానంలో నిలిచాడు. ప్రపంచంలో ఆరోవాడంటే మాటలు కాదు. తర్వాత ఆ కుర్రాడే 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ పోటీల్లో వెండి పతకం తెచ్చాడు, 2023లో భువనేశ్వర్‌లో 8.41 మీటర్లు దూకాడు. ఇంతవరకూ సంతోషమే.

నా నిద్ర చెడగొట్టింది వీళ్ల ఇళ్ల సంగతి. శ్రీశంకర్ తండ్రి మురళి ట్రిపుల్ జంప్‌లో దేశం తరఫున దూకినాయన. కొడుక్కి కోచ్ కూడా ఆయనే. తల్లి బిజిమోల్ 800 మీటర్ల రన్నర్. హషియోకా తండ్రి పోల్ వాల్ట్ క్రీడాకారుడు, తల్లీ అథ్లెటే. ఇంకొంచెం వెనక్కి వెళ్తే, 2004లో ఇవే పోటీలు ఇటలీలోని గ్రొసెటోలో జరిగినప్పుడు లాంగ్ జంప్ గెలిచిన ఆండ్రూ హౌ తల్లి హర్డిల్స్ పరుగెత్తిన మనిషి. ఆ పిల్లాణ్ణి తయారుచేసిందీ ఆవిడే.

వాళ్లని నేను ఆడిపోసుకోవడం లేదు. తండ్రి తనకొచ్చిన విద్య బిడ్డకి చెప్పుకోవడం తప్పెలా అవుతుంది? నేనడిగేది ఒకటే. ఏ తండ్రీ బోర్డు చూడని ఇళ్ల పిల్లల మాటేమిటి?

ఈ ప్రశ్న పుస్తకంలోంచి రాలేదు. మా నాన్న కొబ్బరి దింపు కూలీ. అమ్మ ఊడ్పులకీ కలుపులకీ వెళ్లేది. మేం బడికెళ్లాలంటే పెద్దోళ్ల వీధి మీంచి నడవాలి. ఆ అరుగుల మీద కూర్చున్నోళ్ల మాటలు పడలేక చేలకడ్డంపడి పోయేవాళ్లం. దారిలో మూడు బోదెలు. పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకుని దూకేవాళ్లం. తడిస్తే బళ్లో దెబ్బలు, అంచేత తడవకుండా దూకడం వచ్చేసింది. తొమ్మిదో తరగతికొచ్చేసరికి పెద్ద బోదె నాకో లెక్క కాదు. డ్రిల్లు మేస్టారు చూసి పోటీలకి పంపించారు.

సఖినేటిపల్లి రేవులో పంటెక్కి గోదారి దాటాను. నర్సాపురం నుంచి బస్సు. అక్కడ మొదటిసారి చూశాను, నేలలో పాతిన తెల్ల చెక్క. అది ఎందుకో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అడిగితే ఏమనుకుంటారో అని బెదురు. బోదె గట్టున ఎక్కడ కాలాన్తే అక్కణ్ణుంచి లేచినోణ్ణి కదా, అలాగే లేచాను. మూడుసార్లూ ఎర్రజెండా ఎత్తారు. మూడుసార్లూ ఇసకలో చాలా దూరం పడ్డాను. ఆ దూరం ఎంతో ఈనాటికీ నాకు తెలీదు, ఫౌలైన దూకుని టేపు పెట్టి కొలవరు. ఇంటికొచ్చి ఫౌలయిందమ్మా అంటే "ఎక్కడ తగిలిందిరా?" అని మా అమ్మ నా కాళ్లు తడిమి చూసింది.

ఆ చెక్క వెడల్పు 20 సెంటీమీటర్లు. జానెడు. నలభై మీటర్ల దూరం నుంచి పరుగెత్తుకొచ్చి, ఒళ్లంతా వేగమైపోయినప్పుడు, కాలు ఆ జానెడులోనే పడాలి. బొటనవేలు గీత దాటితే దూకిందంతా బూడిదే. 2021 నవంబరు నుంచి ఈ రూలు ఇంకా గట్టిపడింది. అంతకుముందు గీత అవతల మెత్తటి పూత మీద ముద్ర పడితేనే ఫౌలు. ఇప్పుడు పాదం గాలిలో గీత దాటినా ఫౌలే. ఏకలవ్యుడి దగ్గర ద్రోణుడు చేతి బొటనవేలు అడిగాడు. మా దగ్గర కాలి బొటనవేలు పట్టుకున్నారు.

అంటే లాంగ్ జంప్ ఒట్టి కాళ్ల బలం కాదు, లెక్క. ఎన్ని అంగలు, మొదటి అంగ ఎక్కణ్ణుంచి, ఎదురుగాలి ఉంటే గుర్తు ఎంత ముందుకి జరపాలి, చివరి రెండంగల్లో నడుము ఎంత దించాలి. ఇది పదేళ్లప్పట్నుంచీ రోజూ ఎవరో ఒకరు పక్కన నిలబడి టేపు పట్టుకుని చెప్తేనే వస్తుంది. మెరిట్ ఉంటే ఎవరైనా పైకొస్తారండీ అని మాతో వాదించే పెద్దమనుషులు ఈ టేపు పట్టుకునే చెయ్యి గురించి మాట్లాడరు. కాలేజీలో అప్లికేషన్ ఎలా నింపాలో తెలీక సీటు పోగొట్టుకున్న మొదటి తరం డిగ్రీ వాళ్లకి ఇది వివరించక్కర్లేదు. టేపుకి కులం లేదు, నిజమే. టేపు దాకా వెళ్లే దారికి ఉంది.

ఆ దారి పుట్టుకతోనే రాసిపెట్టిందా అంటే, కాదు. 2021 ఆగస్టులో ఇవే ఇరవై ఏళ్ల లోపు పోటీలు నైరోబీలో జరిగితే, ఆడపిల్లల లాంగ్ జంప్‌లో శైలీ సింగ్ 6.59 మీటర్లు దూకి వెండి పతకం తెచ్చింది. బంగారం ఒక్క సెంటీమీటరు తేడాతో పోయింది. ఆ పిల్ల తల్లి ఝాన్సీలో బట్టలు కుట్టి ఒంటరిగా పిల్లల్ని పెంచిన మనిషి. ఇంట్లో దూకుడు చెప్పేవాళ్లెవరూ లేరు. అంజూ బాబీ జార్జ్, ఆమె భర్త రాబర్ట్ చిన్నప్పుడే ఆ పిల్లని చూసి బెంగళూరు తీసుకెళ్లి తిండి పెట్టి నేర్పారు. మన తెలుగు నేల మీద అగసర నందినిని చూడండి. టీ కొట్టు నడిపే ఇంటి పిల్ల, తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది. నైరోబీ వెళ్లొచ్చింది. ఏడు పోటీలు కలిపి చేసే హెప్టాథ్లాన్‌లో 2023 ఆసియా క్రీడల్లో కాంస్యం, 2025లో ఆసియా చాంపియన్‌షిప్‌లో బంగారం తెచ్చింది. ఆ ఏడింటిలో లాంగ్ జంప్ ఒకటి. అంటే హాస్టలూ తిండీ నేర్పే మనిషీ దొరికితే తల్లిదండ్రులు అథ్లెట్లు కానక్కర్లేదు.

మరి మన దగ్గర? మన జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టారని 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. పేరు నిలిచింది. ఆ పేరున్న జిల్లాలో మన పిల్లలకి నాలుగు ట్రాక్టర్ల ఇసక అడగడానికి మనకే మొహమాటం. అంతర్వేదిలో సముద్రం దాకా ఇసకే, గోదారి లంకల్లో ఇసకే. బళ్లో మాత్రం ఆటల పీరియడు లెక్కల మేస్టారికి పోతుంది. (నేను లెక్కల మేస్టార్నే. చాలా ఏళ్లు నేనూ తీసుకున్నాను.)

నిరుడు మా బళ్లో మొదలుపెట్టాం. జానెడు తవ్వితే నీరూరే నేల, గొయ్యి నిలవదు. అందుకని చుట్టూ గట్టు కట్టి ఇసక పోశాం, పరుగు దారి కూడా అంతెత్తు మట్టితో లేపాం. మట్టి పేటలోని కూలీలు ఒక ఆదివారం మోశారు. తెల్ల చెక్క వడ్రంగి చేసిచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. ఎనిమిదో తరగతి నుంచి పదో తరగతి దాకా పిల్లల దూరాలు శనివారం శనివారం నోటుబుక్కులో రాస్తున్నాం. పుట్టినతేదీ కూడా పక్కనే రాస్తున్నాం. ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి ఇరవై నిండనివాళ్లకే ఈ పోటీలు కాబట్టి, జూన్ ఒకటని ఉజ్జాయింపుగా వేసిన తేదీతో పిల్లాడు తర్వాత ఇబ్బంది పడకూడదు. సర్టిఫికెట్ తెచ్చుకోమని తల్లిదండ్రులకి చెప్తున్నాం.

మొదటి నెల సగం దూకులు ఫౌలే. ఇప్పుడు పదిలో రెండు. చదివే మేస్టార్లు, పేటల్లో పనిచేసే తమ్ముళ్లు మీ ఊళ్లో పిల్లల దూరాలు కూడా కొలిచి ఈ పత్రిక చిరునామాకి రాయండి. ఫౌలైనవీ కొలిచి పక్కన గుర్తు పెట్టండి. పోటీల్లో అవి కొలవరు గానీ, మనం కొలుద్దాం.